పాత కారునకు క్రొత్త యింజను



ఈ మాసము మన గోష్ఠికి వచ్చిన ప్రశ్న పచ్చళ్ళకు గాని పట్టుచీరలకు గాని సంబంధించినది కాదు. అది కారు ఇంజనును గూర్చినది. స్త్రీల పత్రికలో ఇంజను మాటలేలయని కొందరు పెదవి విరువవచ్చును. కారు తాళపుచెవి ఎవరి జేబులో నుండిన నుండుగాక, దాని మరమ్మతునకు వలయు సొమ్ము ఇంటి పద్దునుండియే పోవును. పద్దు వ్రాయు చేతికి ఆ పద్దులోని మర్మము నెరుగు నధికారము కూడ నున్నది. కావున నీ విషయమును మేము సంకోచము లేక చేపట్టుచున్నాము.

కృష్ణాతీరమునుండి యొక సోదరి వ్రాసిన జాబు సారాంశమిది. ఆమె మామగారు 1972లో కొన్న అంబాసిడరు కారు నేటికిని వారి వాకిట నున్నది. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, పెట్రోలు ఖర్చు భరింపలేక, మామగారు అందలి పెట్రోలు ఇంజనును దింపించి, వేరొక పాత అంబాసిడరునుండి తీసిన డీజిలు ఇంజనును పెట్టించిరి. పిదప సీట్లు మారినవి, దీపములు మారినవి, స్టీరింగు కూడ మారినది. మామగారు గతించి కొన్ని యేండ్లయినది. ఇప్పుడా డీజిలు ఇంజను నీలపుపొగ విడుచుచు, నూనె త్రాగుచు, వంతెన యెక్కవలసివచ్చినప్పుడు ఆయాసపడుచున్నది. ఒక షెడ్డువారు "ఇంజను బోరుకు వచ్చినది, వేరొకటి వేయవలసినదే" యని తేల్చిరట. భర్తగారి మిత్రులు జపాను ఇంజను పెట్టించుమని ఉత్సాహపరచుచున్నారు. అత్తగారు "అది మీ మామగారి గుర్తు, అమ్ముటకు వీలులేదు" అని కంటతడి పెట్టుచున్నారు. ఆ సోదరి చేతనున్నది కూతురి కళాశాల చదువునకై నెలనెల చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము. "చీటీ పాడి ఆ ధనమును ఇంజనున కియ్యవలెనా? ఇయ్యనన్నచో నేను కఠినురాల ననిపించుకొందునా?" అని యామె ప్రశ్న. జాబు చివర నొక వాక్యము, ముఖ్యము కానిదానివలె, చేర్చినది: దింపిన పెట్రోలు ఇంజను నేటికిని పెరటి కొట్టములో గోనెసంచుల క్రింద పడియున్నదట. ఆ వాక్యమే మాకు జాబంతటిలో ముఖ్యముగా తోచినది. ఎందుచేతనో క్రమముగా చెప్పెదము.

మొదట ఈ కారు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొందము. 1942లో నెలకొన్న హిందూస్థాన్ మోటార్సు సంస్థ, ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాననుసరించి, 1950 దశకము చివరి భాగమున అంబాసిడరును బయటకు తెచ్చినది. వంగదేశమందలి ఉత్తరపాడా కర్మాగారమునుండి 2014 మే మాసము వరకు, ఇంచుమించు ఒకే రూపముతో, ఈ కారు వెలువడినది. రూపము మారలేదు గాని గుండె మారినది. తొలుదొల్త వచ్చిన పాతరకపు ఇంజను స్థానమున కొలది కాలములోనే 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను వచ్చినది. 1980 ప్రాంతమున అదే వంశమునకు చెందిన, అంతే కొలతగల డీజిలు ఇంజను వచ్చినది. 1990 దశకము మొదట జపాను దేశపు ఇసుజు సంస్థవారి 1817 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, అయిదు గేర్లతో, వచ్చినది. భర్తగారి మిత్రులు చెప్పుచున్న "జపాను ఇంజను" ఇదియే కావచ్చును.

ఒకే కారు శరీరములో ఇన్ని విధములైన ఇంజనులు కర్మాగారములోనే ఇమిడినవి కాబట్టి, ఊరూర మేస్త్రీలకు కూడ ఆ ధైర్యము కలిగినది. పెట్రోలు కారున డీజిలు పెట్టుట ఒకనాడు మన పట్టణములలో సర్వసామాన్యము. పాత వాహనమును మార్చి వాడుకొనుట మన తెలుగువారికి క్రొత్త కాదు. 1982లో నందమూరి తారక రామారావుగారు ఊరూర తిరిగిన చైతన్యరథము కూడ పాత షెవర్లె వ్యానును మార్చి కట్టినదే.

అయితే ఇంజను మార్చుట ఉంగరమునకు రాయి మార్చినంత తేలిక గాదు. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనుకంటె బరువైనది. ఆ బరువు ముందు చక్రములను మోయు టార్షను బారుల మీద పడును, కారు ముక్కు వంగును. ఇంజనును పట్టియుంచు రబ్బరు దిమ్మెలు అదురునకు త్వరగా చీలును. ఇంజను వేరైనచో క్లచ్చు, గేరుబాక్సు, వెనుక చక్రములకు బలము చేరవేయు పొడవాటి షాఫ్టు, రేడియేటరు, పొగగొట్టము, విద్యుత్తు తీగలు, అన్నియు దానితో పొత్తు కుదుర్చుకొనవలెను. బలము పెరిగినచో బ్రేకులు కూడ ఆ బలమునకు తగినవై యుండవలెను. సంబంధము కుదుర్చునప్పుడు వరుని ఒక్కనినే చూడము గదా, ఇల్లంతయు చూచెదము. ఇంజను సంబంధమును అట్టిదే. షెడ్డువారు చెప్పిన ఇంజను ధరకు ఈ పరివారపు ఖర్చంతయు చేరిన తరువాత గాని నిజమైన లెక్క తేలదు.

ఇక రోగనిర్ణయము. వైద్యుడు నాడి చూడకయే శస్త్రచికిత్స చేసెదనన్నచో మనము ఒప్పుకొనము. ఇంజను విషయమున మాత్రము "పోయినది" అన్న ఒక్క మాటకే తల యూపుచున్నాము. ఇంజనునకు కూడ నాడి యున్నది. దానిని మూడు విధములుగా చూడవచ్చును.

మొదటిది పొగ. వంటయింటిలో పొగనుబట్టి పొయ్యిలో తడికట్టె యున్నదో గాలి చాలలేదో మనము చెప్పగలము. ఇంజను పొగయు అట్టి భాషయే. నీలపుపొగ వచ్చినచో ఇంజనులోని నూనె కాలుచున్నదని అర్థము. నల్లపొగ వచ్చినచో ఇంధనము హెచ్చినది, లేదా గాలి చాలలేదు. గాలి జల్లెడ మురికితో మూసికొనియుండవచ్చును, డీజిలు చిమ్ము ఇంజెక్టరు చెడియుండవచ్చును. తెల్లపొగ ఇంజను వేడెక్కిన పిదపను ఆగక వచ్చుచు, రేడియేటరులోని నీరు తరుగుచున్నచో, నీరు లోపలికి చేరుచున్నదని అనుమానింపవలెను. చలి వేకువన డీజిలు ఇంజను మొదట కొంచెము తెల్లపొగ విడుచుట మాత్రము భయపడదగినది కాదు.

రెండవది నూనె. నూనె కొలుచు పుల్లను తీసి చూడవలెను. దాని మీద నూనె కవ్వముతో చిలికిన మజ్జిగవలె తెల్లబడి నురుగు కట్టినచో అందు నీరు కలిసినది. వేడెక్కిన పిదప నూనె పీడనము మిక్కిలి పడిపోయి, ఇంజను అడుగునుండి బరువైన దెబ్బల చప్పుడు వచ్చినచో బేరింగులు అరిగియుండవచ్చును.

మూడవది ముఖ్యమైనది, కంప్రెషను పరీక్ష. ఈ ఇంజనులో నాలుగు గదులున్నవి. ఒక్కొక్క గదిలో పిస్టను పైకి వచ్చినప్పుడు గాలి యెంత గట్టిగా నొక్కబడుచున్నదో గేజితో చూచెదరు. ఆరోగ్యముగల ఇంజనులో నాలుగు అంకెలును ఇంచుమించు సమానముగా నుండును. ఒక గది మిగిలినవానికంటె చాల వెనుకబడినచో రోగమందున్నది. ఆ గదిలో ఒక చెంచాడు నూనె పోసి మరల చూడవలెను. అంకె పెరిగినచో రింగులో బోరో అరిగినవి. పెరుగనిచో లోపము వాల్వులలోనో హెడ్డు గాస్కెట్టులోనో యున్నది. డీజిలు ఇంజనులో పీడనము పెట్రోలుకంటె చాల హెచ్చు గనుక దానికి వేరు గేజి కావలెను. పెట్రోలు గేజితో డీజిలు నాడి చూచెదనన్నవానిని నమ్మవలదు.

ఈ పరీక్ష విలువ మా కుటుంబములోనే ఋజువైనది. మా మేనమామగారి పెట్రోలు అంబాసిడరు మాటిమాటికి వేడెక్కి బలము తప్పగా, ఒక షెడ్డువారు చూచినంతనే ఇంజను మార్చవలెనని చీటి వ్రాసియిచ్చిరి. మేము గేజి అంకెలు అడిగితిమి. వారు చూడనేలేదు. వేరొక ముసలి మేస్త్రీ చూడగా మొదటి రెండు గదులు 130, 128 పౌండ్లు చూపినవి, మూడు నాలుగు గదులు 60, 62 మాత్రమే చూపినవి. నూనె పోసినను ఆ అంకెలు కదలలేదు. "పక్కపక్క రెండు గదులు ఒక్కమారు చచ్చుటనగా, వాని నడుమ గోడ తెగినదమ్మా" అని యాయన నవ్వెను. హెడ్డు విప్పగా గాస్కెట్టు సరిగా ఆ రెండింటి నడుమనే కాలియున్నది. కుక్కరు మూతకు రబ్బరు చీలినచో ఆవిరి యెట్లు తప్పించుకొనునో అట్లే. మూలకారణము రేడియేటరులో పేరుకొన్న తుప్పు, సున్నము. హెడ్డును లేతుషాపులో చదునుచేయించి, క్రొత్త గాస్కెట్టు వేసి, రేడియేటరును శుభ్రపరపగా ఆ కారు నేటికిని తిరుగుచున్నది. మొదటి చీటి ప్రకారము నడచినచో, ఆరోగ్యముగల ఇంజను పాతయినుము క్రింద పోయి యుండును; తుప్పుపట్టిన రేడియేటరు మాత్రము క్రొత్త ఇంజనును కూడ కాల్చుటకు సిద్ధముగా నిలిచియుండును.

పరీక్షలో బోరు నిజముగా అరిగినదని తేలినను, అది ఇంజను మరణము కాదు. ఇత్తడి గిన్నెకు కళాయి పోయినచో గిన్నెను పారవేయము గదా. అరిగిన గదులను లేతుషాపులో కొంచెము వెడల్పుచేసి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లను రింగులను వేయుదురు. దీనినే రీబోరు అందురు. అదివరకే పలుమారులు వెడల్పుచేయబడి గోడ పలుచనైనచో, లోపల ఇనుప స్లీవును దిగగొట్టి మొదటి కొలతకు తేవచ్చును. బోరు చేసిన గోడను అద్దమువలె నున్నగా విడువరాదు. సన్నని అడ్డగీతలు పెట్టవలెను. ఆ గీతలలో నూనె నిలిచి రింగులను కాపాడును. తిరుగలికి కక్కు కొట్టించుట యెందులకో ఎరిగిన స్త్రీలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నునుపైన రాయి పిండి విసరదు, నునుపైన బోరు నూనె నిలుపదు. క్రాంకు షాఫ్టును కూడ కొలిపించి, అరిగినచో గ్రైండుచేయించి, దానికి తగిన బేరింగులు వేయించవలెను. ఇంత చేసిన ఇంజనును మొదటి 500 నుండి 1000 కిలోమీటర్ల వరకు బాలింతను చూచినట్లు చూడవలెను. పరుగెత్తింపరాదు, బరువు వేయరాదు, మొదటి నూనెను త్వరగా మార్చవలెను.

సోదరి యెదుట ఇప్పుడు మూడు మార్గములున్నవి. డీజిలు ఇంజనునే బాగుచేయించుట యొకటి. జపాను ఇంజను తెచ్చి పెట్టుట యొకటి. కొట్టములోని పెట్రోలు ఇంజనును బాగుచేసి స్వస్థానమున నిలుపుట మూడవది. వీనిలో నేది మేలో ఇనుము ఒక్కటియే తేల్చజాలదు. కాగితమును కూడ అడుగవలెను.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు యజమాని వాహనమును మార్చరాదు. ఇంజను మార్చబడినచో 14 దినములలో రిజిస్టరుచేయు అధికారికి తెలుపవలెనని కూడ ఆ సెక్షనులోనే యున్నది. కావున ఆ సోదరి మొట్టమొదట విప్పి చూడవలసినది కారు బానెట్టు కాదు, పెట్టెలోని ఆర్‌సీ పుస్తకము. అందు ఇంధనమను చోట ఏమి వ్రాసియున్నది? ఇంజను సంఖ్య ఏది? ఆ సంఖ్య కారులోని డీజిలు ఇంజను మీద నున్నదా, కొట్టములోని పెట్రోలు ఇంజను మీద నున్నదా? మామగారు నాడు కార్యాలయమున వ్రాయించియున్నచో సరి. వ్రాయింపనిచో ఈ ఇరువది యేండ్లుగా పత్రము నొక ఇంజను, రోడ్డు మీద వేరొక ఇంజను నున్నట్లు. పోలీసువారు ఆపుట చిన్న మాట. ప్రమాదమేదైన జరిగినప్పుడు భీమా సంస్థ ఈ భేదమును చూపి పేచీ పెట్టినచో ఇల్లే తాకట్టున పడవచ్చును. జపాను ఇంజను వేయుటకు ముందు కూడ ఇదే ప్రశ్న. కార్యాలయమున అడుగక ఇంజను కొనుట, లగ్నము పెట్టింపక పందిరి వేయుటవంటిది.

ఇంకొక సంగతి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు వెలువరించినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటి, మొదటి రూపముననే కాపాడబడి, చట్రము, శరీరము, ఇంజను మొదలగువానిలో విశేషమైన మార్పు పొందని సొంత వాహనములను వింటేజి వాహనములుగా రిజిస్టరు చేయించుకొనవచ్చును. వానికి "వీఏ" అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య యిత్తురు. క్రొత్తగా రిజిస్టరు చేయించుటకు 20,000 రూపాయలు, పది యేండ్ల పిదప మరల చేయించుటకు 5,000 రూపాయలు రుసుము నిర్ణయించిరి. ఆ సోదరి కారు 1972 నాటిది గనుక వయస్సు చాలినది. డీజిలు ఇంజనుతోనో జపాను ఇంజనుతోనో అయినచో "మొదటి రూపము" అను మాటకు చోటులేదు. కొట్టములోని ఇంజను స్వస్థానము చేరినచో ఆ తలుపు తట్టుటకైన వీలుండును. అయితే ఆశకు ఒక హద్దు కూడ చెప్పవలెను. అట్లు రిజిస్టరైన కారును నిత్యవ్యవహారములకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇంధనము పోయించుటకు మాత్రమే రోడ్డెక్కవలెను. కూరగాయలకును బడికిని కావలసిన కారు వేరు, గుర్తుగా నిలుపుకొను కారు వేరు. ఇంటిలో నేది కావలెనో ముందు తేల్చుకొనవలెను.

కొట్టములోని ఇంజను పాతయినుమువానికి పోరాదని మేము గట్టిగా చెప్పుటకు కారణమిదియే. పత్రములోని సంఖ్య దాని మీదనే యున్నచో అది ఉట్టి ఇనుము కాదు, కారుయొక్క జన్మపత్రిక. కాని ఇరువది యేండ్లు నిద్రించినదానిని కుదిపి లేపరాదు. లోపల రింగులు తుప్పుతో గోడకు అంటుకొని యుండవచ్చును. ప్లగ్గులు తీసి ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి కొన్ని దినములు నాననిచ్చి, పిమ్మట చేతితో మెల్లగా త్రిప్పిచూడవలెను. బలవంతముగా త్రిప్పినచో రింగులు విరుగును.

దానికి నేటి పెట్రోలు వలన వచ్చు రెండు చిక్కులను కూడ మేస్త్రీకి చెప్పవలెను. ఆ ఇంజను సీసము కలిపిన పెట్రోలు కాలమున పుట్టినది. మన దేశమంతటను సీసము లేని పెట్రోలు 2000 ఫిబ్రవరినుండి వచ్చినది. సీసము వాల్వు పీఠములకు మెత్తవలె పనిచేసెడిది. అది లేనందున, హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహపు పీఠములు వేయించుట మేలు. రెండవది, ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును, గాలిలోని తేమను గ్రహించును. కావున ఇంధనపు గొట్టములు, పంపులోని పొర, కార్బురేటరులోని రబ్బరు భాగములు ఇథనాలునకు ఓర్చునవి వేయించవలెను. ఇరువది యేండ్లు డీజిలు పోసిన టాంకును కడిగించక పెట్రోలు పోయరాదని వేరుగ చెప్పనేల.

ఇనుము, కాగితము అయినవి. కారు ఒడలు మిగిలినది. అంబాసిడరు శరీరము వేరొక చట్రము మీద కూర్చుండినది కాదు, ఒడలే చట్రము. అడుగు రేకులు, తలుపుల క్రింది అంచులు, జాకీ పెట్టు చోట్లు, వెనుక కమానుకట్టలు బిగించు తావులు తుప్పు తిన్నచో ఏ ఇంజను వేసినను వ్యర్థము. పుచ్చిన దూలమునకు వెండి గంట వ్రేలాడదీసినట్లుండును. ఇంజనునకు ఒక్క రూపాయి యిచ్చుటకు ముందే కారును పైకెత్తించి అడుగుభాగమును పగటి వెలుతురున స్వయముగా చూడవలెను.

అత్తగారి కన్నీటికి మేము చులుకనగా సమాధానము చెప్పము. మిళింద ప్రశ్నలను పాళీ గ్రంథమున నాగసేన భిక్షువు రాజును రథమును గూర్చి యడుగును. ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా యని ఒక్కొక్కటి అడుగగా, రాజు ఏదియు కాదనును. అన్నియు కూడియున్నప్పుడు పలుకు పేరే రథమని తుదకు తేలును. మామగారి కారు ఏది? ఇంజనా? దానిని మామగారే మార్చిరి గదా. సీట్లా? వానిని కూడ మార్చిరి. అవసరమునుబట్టి బండిని దిద్దుకొనుచు ఇల్లు గడిపిన ఆయన బుద్ధియే అందలి గుర్తు. ఆయన పొదుపునకై ఇంజను మార్చినవారు. ఆయన పేరు చెప్పి మనుమరాలి చదువు సొమ్మును ఇంజనులో పోయుట ఆయన మార్గము కాదు. ఈ మాట కోడలికంటె కొడుకు చెప్పినచో అత్తగారి చెవికి ఇంపుగా నుండును.

ఇక మిత్రుల సలహా. ఉత్తరకుమారుని ప్రగల్భములు రణరంగమునకు దూరముగా నున్నంతవరకే. జపాను ఇంజను వేయుమన్నవారిని, దానికి తగిన గేరుబాక్సు, షాఫ్టు, బ్రేకులు, కార్యాలయపు అనుమతి, ఇన్నింటి ఖర్చు ఒక కాగితము మీద వ్రాసి క్రింద సంతకము చేయుడని భర్తగారు వేడుకగా అడుగవచ్చును. ఉత్సాహము ఎంత నిజమో అప్పుడు తెలియును.

మేస్త్రీ విషయమున కూడ జాగ్రత్త వలయును. పక్కన కూర్చుండి గుండె జారునట్లు మాటలాడు శల్యసారథ్యము వంటి మేస్త్రీ పనికిరాడు. విజయవాడ ఆటోనగరులో అంబాసిడరు ఇంజనులను చేతివ్రేళ్ళతో నెరిగిన పాత మేస్త్రీలు నేటికిని దొరకుదురు. ఇద్దరి చేత వేరువేరుగా పరీక్ష చేయించవలెను. నాలుగు గదుల అంకెలు వ్రాయించి తీసికొనవలెను. పని మొదలుపెట్టుటకు ముందు భాగముల ధర, లేతుషాపు ఖర్చు, కూలి విడివిడిగా వ్రాసిన అంచనా పుచ్చుకొనవలెను. మార్చిన పాత భాగములన్నియు ఇంటికి తెచ్చుకొనవలెను. అరిగిన రింగును కంటితో చూచిన గృహిణిని రెండవమారు మోసగించుట కష్టము.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు మా సమాధానము. చీటీ పాడవలదు. పరీక్షకు, ఆర్‌సీ పుస్తకము చూచుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము. దానిని ఈ నెల పద్దులోనే సరిపెట్టుకొనవచ్చును. ఇంజెక్టరులో, వాల్వులలో, గాస్కెట్టులో లోపము తేలి, కాగితము కూడ సరిగా నున్నచో డీజిలు ఇంజనునే బాగుచేయించుడు. బోరు పోయినదని ఇద్దరు మేస్త్రీలును ఒక్కమాటగా చెప్పినచో దాని మీద గాని, జపాను ఇంజను మీద గాని సొమ్ము పోయవలదు. కారు ఒడలు గట్టిగా నున్నచో కొట్టములోని ఇంజనును లేతుషాపునకు పంపుడు. ఈ నెల బోరు, పై త్రైమాసము క్రాంకు, ఆ పిదప హెడ్డు, ఇట్లు అప్పు లేకుండ ఏడాదికి పని ముగియును. అంతవరకు కారు కప్పు క్రింద నిలిచియుండును. ఒడలు పుచ్చినదని తేలినచో, కొట్టములోని ఇంజనుతో, సరిచేయించిన కాగితములతో, పాత కార్లను ప్రేమించువారికి అప్పగించుటయు తప్పు కాదు. గుర్తుగా సంఖ్యాఫలకము ఛాయాచిత్రమొకటి, మామగారు స్టీరింగు దగ్గర కూర్చున్న చిత్రమొకటి గోడ మీద నుండవచ్చును.

కఠినురాల ననిపించుకొందునా యని యామె యడిగినది. కారు వాకిట ఒక యేడు కదలక నిలువగలదు. కళాశాల ప్రవేశపు గడువు ఒక దినమైనను నిలువదు. ఈ రెండింటిలో నేది ఆగగలదో చూచి చెప్పుట కాఠిన్యము కాదు, గృహిణీధర్మము. ఆ యమ్మాయి చదువు ముగిసి ఇంటికి వచ్చునాటికి తాతగారి ఇంజను స్వస్థానమున మ్రోగుచుండుగాక యని మా ఆకాంక్ష. ఆనాడు స్టీరింగు ముందు కూర్చుండుటకు మన సోదరి కూతురే తగినది.